ఎర్రదారాల తుండు

యుద్ధం జరిగే రోజుల్లో మా నాయనా, మా అమ్మ తమ్ముడూ ఆదివారమైతే గాలాలు తీసుకుని ఐరాల చెరువుకు పోయేవాళ్లు. పడిన చేపను జానలేసి కొలిచేవాళ్లు. మా మామది చిన్న చెయ్యి. అందుకని ఆయన చేపకు ఎప్పుడూ జానలు ఎక్కువ వచ్చేవి.

"చేప పెద్దది గాదప్పా, నీ చెయ్యి సిన్నది" అని నాయన ఇల్లు చేరేదాకా సణిగేవాడు.

ఆ గోల పడలేక మా అమ్మ ఒక కొత్త నేత తుండు తీసుకుని, తన జానతో కొలిచి, జానకొక ఎర్రదారం కుట్టి ఇచ్చింది. ఆ పొద్దునుంచి ఇద్దరి చేపలకూ అదే కొలత. నీసు వాసన పోవాలని అమ్మ ఆ తుండును ప్రతివారం చౌడు నీళ్లలో ఉడకేసి ఉతికేది. ఉతికేకొద్దీ తుండు ముడుచుకుంది, చేపలు పెరిగినాయి.

"ఈ నీళ్లలో బలముండాది బావా" అన్నాడు మామ. నాయన కాదనలేదు. నేను అన్నం తినే తట్టలో ముక్క మాత్రం ఎప్పటంతే ఉండేది. అదే మాట అంటే నోరు మూసుకుని తినమన్నారు.

తుండు పేలికలయినాక, గుడ్డలు రేషను మీద ఇచ్చే కంట్రోలు అంగట్లో ఎట్లో కొత్తది దొరికింది. అమ్మ దానికీ దారాలు కుట్టింది. ఆ ఆదివారం పడిన కొరమీను మూడో దారానికి కూడా అందలేదు.

"చెరువు సెడిపోయిందిలే" అన్నాడు నాయన. ఇద్దరికీ అన్నం సయించలేదు.

అమ్మ పాత తుండును కొత్తదాని మీద పరిచి చూసింది. పొయ్యి మీద చౌడు నీళ్లు పెట్టి, కొత్త తుండును అందులో వేసింది.