ఊ కొట్టాల్సింది వాడు

రాసుకో. అప్పటికి నువ్వింకా పుట్టలేదు. మీ అన్నయ్యకి రెండేళ్ళు దాటాయి, ఒక్క మాట లేదు. ఏం కావాలన్నా మన చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్ళేవాడు. వాణ్ణి చూసుకోడానికే నన్ను పామర్రు నుంచి బెజవాడ తీసుకొచ్చారు. మీ అమ్మా నాన్నా పొద్దున్నే ఆఫీసులకి వెళ్ళిపోతే, మూడో అంతస్తులో గడియ పెట్టుకుని వాడూ నేనూ. కిందికి దిగితే చాలు, మెట్ల దగ్గర ఎవరో ఒకరు: "బాబుకి ఇంకా మాటలు రాలేదాండీ?" అందుకని దిగడమే మానేశాను.

సూర్యారావుపేటలో డాక్టరు ముందు చెవులు పరీక్ష చేయించాడు. చెవులు బాగానే ఉన్నాయన్నారు. స్పీచ్ థెరపీ అని ఒక మేడమ్ దగ్గరికి పంపారు. నాలిక మీద ఏదో రాస్తుందనుకున్నా. ఆవిడ చాప వేసుకుని కూర్చుని సబ్బు బుడగలు ఊదింది. వాడు ఎగిరి పట్టుకోబోయాడు. ఆవిడ బుడగల సీసాకి టక్కున మూత పెట్టేసి వాడి మొహంలోకి చూస్తూ కూర్చుంది.

నాకు మనసాగలేదు. "ఊదమ్మా, బాబు అడుగుతున్నాడుగా!"

"ఎక్కడడిగాడండీ? మీరడిగారు," అని నవ్వింది. "ఇంట్లో కథలు చెప్తారా నాయనమ్మగారూ? ఒకటి చెప్పండి."

మనకి చెప్పాలా! "అనగనగా ఒక కాకి. ఊ. ఆ కాకికి దాహమేసింది. ఊ..."

"ఆ ఊ ఎవరు కొట్టారండీ?"

"నేనే. వాడు కొట్టడుగా!"

"అది వాడి వంతు. అక్కడ ఆగండి."

వాణ్ణి ఒళ్ళోకి లాక్కున్నాను. "నా వాగుడు వల్లే వీడికి మాట రాలేదామ్మా?"

"అయ్యో, కాదండీ. మీరెంత మాట్లాడితే వాడికి అంత మంచిది. కాకపోతే వాడికి కాస్త చోటు వదలండి. వెంటనే పలుకుతాడని చూడకండి, టైము పడుతుంది. ఏ శబ్దం చేసినా మాట కిందే లెక్క."

చెప్పడం తేలికే. ఎండాకాలం, కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయి, తలుపులు మూసిన గదిలో "అనగనగా ఒక కాకి" అనేసి నోరు కట్టేసుకుని కూర్చోవాలి. వాడు కాసేపు నా నోటి వంక చూసి, లేచిపోయి కిటికీ ఊచలు పట్టుకునేవాడు. నేను చాప మీదే. రోజూ ఇంతే. మీ నాన్నకి వేళాకోళం: "మా అమ్మ చేత నోరు మూయించిన ఆ మేడమ్‌కి దండెయ్యాలి!" నవ్వొచ్చేది కాదు. అసలు వీడు ఎప్పటికైనా పలుకుతాడా అని లోపల ఒకటే గుబులు.

ఒక మధ్యాహ్నం వాడు లేచిపోలేదు. దగ్గరికొచ్చి, నా పెదాల మధ్య వేళ్ళు పెట్టి నోరు తెరవబోయాడు. నేను బిగబట్టాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా బిగబట్టాను. వాడికి కోపమొచ్చి, "ఊ!" అన్నాడు.

"ఆ కాకికి దాహమేసింది," అన్నా.

"ఊ!"

ఇక వదిల్తేనా! కాకి నీళ్ళు తాగేసింది, ఎగిరిపోయింది, మళ్ళీ దాహమేసింది, మళ్ళీ కుండ దగ్గరికొచ్చింది. వంటింట్లోకి వెళ్దామంటే చీర పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు.

సాయంత్రం మీ అమ్మ రాగానే చెప్పాను. నమ్మలేదు. "మీకలా అనిపించుంటుంది అత్తయ్యా. అలవాటు మీద మీరే ఊ కొట్టుంటారు," అంది. అయినా భుజాన బ్యాగు తియ్యకుండానే చాప మీద చతికిలబడి మొదలుపెట్టింది. "అనగనగా ఒక రాజు..."

రాజేంటి! వాడు నా వంక తిరిగి చూశాడు. కాకి అని నా నాలిక చివరిదాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మీ అమ్మ ఆగి చూస్తోంది. వాడు మీ అమ్మ మోకాలి మీద దబదబా కొట్టాడు.

"కా!" అన్నాడు. "కా! కా!"

మీ అమ్మ నా మొహం చూసింది. కొంగు ఇంకా నా నోట్లోనే ఉంది. తర్వాత వాడి చెయ్యి పట్టుకుని, "అనగనగా ఒక కాకి," అని మళ్ళీ మొదలుపెట్టింది.