వదిన లేని డిస్కులు

అన్నయ్య నా మూడు ఉత్తరాలకూ జవాబివ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా పెళ్లిలో వదిన మా అత్తగారిని పలకరించలేదు. ఆ కోపం నాకు ఏళ్లు గడిచినా తగ్గలేదు. పెళ్లి వీడియో క్యాసెట్లను వీసీఆర్‌లో వేసి, దాన్ని కంప్యూటర్‌కు కలిపి డిస్కుల్లోకి ఎక్కించేటప్పుడు, వదిన కనిపించిన చోటల్లా రికార్డింగు ఆపేశాను. తర్వాత క్యాసెట్లు పారేశాను. వదిన పోయాక, ఆమెను చూడాలని అన్నయ్య అడిగితే టేపుకు బూజు పట్టిందని చెప్పాను.

ఆ తర్వాత ఒకరోజు రాజోలు నుంచి అమలాపురం వెళ్తున్నాను. బస్సులో పక్కసీటు పెద్దాయన ఒడిలో ఒక క్యాసెట్టు ఉంది. కిటికీలోంచి ఎండ పడుతుంటే దాని మీద తువ్వాలు కప్పాడు. డిస్కు చేయించడానికి తీసుకెళ్తున్నాడట.

"మా ఆవిడ పులిహోర వడ్డిస్తా నవ్వుద్దండి ఇందులో."

"అంతేనా?"

"ఆయ్. ఫోటో అంటే పారిపోయేదండి. ఇక్కడొక్కచోటే దొరికింది." తువ్వాలు సరిచేస్తూ అడిగాడు. "చేసేవోళ్లు మధ్యలో ఏవీ తీసెయ్యరు కదండీ?"

"ఎందుకు తీసేస్తారండీ" అన్నాను. ఆయన నమ్మాడు.

అమలాపురం టిక్కెట్టు చేతిలో ఉండగానే మామిడికుదురులో దిగిపోయాను. ఆ రాత్రే అన్నయ్యకు నిజం రాశాను.

పలకరించకపోవడం వదిన తప్పేనని ఇప్పటికీ అంటాను. ఆమెను తీసెయ్యడం నా తప్పు. అన్నయ్యా, తిట్టదలుచుకుంటే తిట్టు. కానీ జవాబు రాయి.