టెంటుకు గుచ్చిన రిపోర్టు

మెదక్‌లో మేం డిగ్రీ చదివే రోజుల్లో, తెలంగాణ ఉద్యమ టెంటు కింద ఎవరు కనబడినా మా సీనియరక్క ఒకటే అడిగేది: "తలసేమియా పరీక్ష చేయించుకున్నవా?" ఆమె తమ్ముడికి ఆ జబ్బు. నెలనెలా రక్తం ఎక్కించడానికి హైదరాబాద్ తీసుకుపోయేవాళ్లు. మేం ఆమెను తప్పించుకు తిరిగేవాళ్లం.

ఒకరోజు అందరం బొటనవేలు గుచ్చుకుని, వినతిపత్రం మీద రక్తంతో సంతకాలు చేశాం. అక్క కూడా చేసింది. తర్వాత తన రిపోర్టు తీసి టెంటు గుడ్డకు పిన్నుతో గుచ్చింది. ఆమెకు జబ్బు లేదు గానీ, రక్తంలో దాని లోపం ఉందని అందులో రాసి ఉంది. కట్టుకునేవాడి రక్తంలోనూ అదే లోపముంటే పిల్లలకు జబ్బు రావచ్చు.

"పెండ్లి కావాల్సిన పిల్లవు, గిట్ల నలుగుర్ల పెడతవా బిడ్డా?" అన్నారు లెక్చరర్.

"మా అమ్మనాయినలకు ఎవ్వరు చెప్పలే సార్. తెల్వకనే మేనరికం చేసుకున్నరు. నేను చెప్తున్న," అని మావైపు తిరిగింది. "రాష్ట్రం కోసం వేలు గుచ్చుకున్నరు. పుట్టబోయే పిల్లల కోసం జర చెయ్యి చాపుండ్రి."

మేనమామ బిడ్డతో నాకు అప్పటికే పెండ్లి మాట అయిపోయింది. ఆ సంగతి అక్కకూ తెలుసు. రిపోర్టు రెండుసార్లు చదివి, "పరీక్షకు యాడికి పోవాలె అక్కా?" అని అడిగాను.

"ఒక్కనివి పోతే ఏం లాభం? ఆ పిల్లను గూడ తోలుకపో," అంది.