పసరు పోయించుకున్న బాబాయి

మా బాబాయికి పచ్చకామెర్లు వస్తే, పామర్రు దగ్గర పసరు పోసే ఆయన దగ్గరికి బండి మీద తీసుకెళ్లింది నేనే. ఆయన పసరు తాగించి, "పదకొండు రోజులు ఉప్పూ నూనే వద్దు. ఇంగ్లీషు మందు అసలు ముట్టకూడదండీ" అన్నాడు. జన్మలో ఏ డాక్టరు మాటా వినని బాబాయి, ఆ మాట మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు. షుగరుకి రోజూ చేసుకునే ఇన్సులిన్ కూడా మానేశాడు. ఆ సంగతి మాకెవరికీ ముందు తట్టలేదు.

ఆరో రోజుకి మనిషి మాట తడబడింది. గవర్నర్‌పేటలో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

"నాటుమందు ఏమైనా వాడారా అమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"అబ్బే, లేదండీ" అంది పిన్ని. బయటికొచ్చాక నా చెయ్యి గిల్లింది. "చెప్తే తిడతార్రా."

"తిడితే బాబాయికేం కాదులే పిన్నీ. ఇప్పుడు అసలాయనకి వినపడితేగా!" అని, లోపలికెళ్లి పసరు సంగతీ, ఇన్సులిన్ సంగతీ మొత్తం చెప్పేశాను.

డాక్టరు తిట్టలేదు. నాకు భయం వేసింది అప్పుడే. "దగ్గరివాళ్లెవరైనా ఉంటే రమ్మనండి" అన్నాడు.

బాబాయి పిలిస్తే ఎన్నడూ రాని చుట్టాలు, ఆ రోజు సాయంత్రానికల్లా దిగిపోయారు. ఆయన ఎవరినీ గుర్తుపట్టలేదు. తెల్లారేసరికి పోయాడు.