చంద్రగిరి సైకిలు దారిలో దిగవలసిన చోటు

పదకొండేళ్లుగా తిరుపతి హైస్కూల్లో పిల్లలకు చంద్రగిరి కోట పాఠం చెబుతున్నాను. కోటను మాత్రం చూడలేదు. ఏడెనిమిది మైళ్లే కదా, ఎప్పుడైనా పోవచ్చులే అనుకుంటూ ఉండగానే యుద్ధం వచ్చింది, పెట్రోలు కరువైంది. బొగ్గుతో నడిచే బస్సు ఎక్కడ ఆగిపోతుందో దానికే తెలియదు. ఒకరోజు తరగతిలో ఒకమ్మాయి, "రాజమహల్‌కు ఎన్ని అంతస్తులు సార్?" అని అడిగితే పుస్తకం తిరగేశాను, అందులోనూ లేదు. ఆ సాయంత్రమే సైకిల్ షాపు మస్తాన్ దగ్గరికి వెళ్లి, ఆదివారం తిరిగే అతని గుంపులో చేరిపోయాను.

ఈ గుంపుకు చందా లేదు. సొంత సైకిలు లేనివాళ్లు గంటకు అణా ఇచ్చి అద్దెకు తెచ్చుకోవాలి, ఎవరి సద్ది వాళ్లు కట్టుకోవాలి. మస్తాన్ పెట్టిన నియమం ఒక్కటే. అందరికన్నా మెల్లగా తొక్కేవాడు ముందు పోవాలి, అప్పుడు ఎవరూ వెనకబడిపోరు. పొద్దున ఆరింటికి గోవిందరాజస్వామి గుడి ముందు ఎనిమిది మందిమి చేరాం. ముందు నిలబడినవాడు దానియేలు. సైకిలు నేర్చి నెల కూడా కాలేదు. పోస్టాఫీసులో కొత్తగా చేరాడు, మర్నాటి నుంచి స్వర్ణముఖి అవతలి పల్లెలకు జాబులు పంచాలి. నెల రోజులు ఆలస్యం లేకుండా, ఫిర్యాదు రాకుండా చేస్తేనే ఉద్యోగం నిలుస్తుంది.

గుడి ఎదుటికి వస్తే సైకిలు దిగి, చెప్పులు విడిచి, దండం పెట్టుకుని మళ్లీ ఎక్కడం మా వైపు అలవాటు. ఈ దారిలో గుళ్లకేం తక్కువ? వైష్ణవుల ఇంట పుట్టినవాణ్ని, ఒక్కటీ వదల్లేదు. "సార్, ఇట్ల దిగతా ఎక్కతా పోతే కోట కాడికి పోయేసరికి పొద్దు గూకుతాది," అని మస్తాన్ నవ్వాడు. అయినా ఎనిమిదిన్నరకు చంద్రగిరిలో ఉన్నాం. రాజమహల్ మూడంతస్తులు. లెక్కపెట్టుకుంటూ ఎక్కి, పైన నిలబడి కొండనూ పొలాలనూ చూస్తుంటే ఇన్నేళ్లు చెప్పిన పాఠమంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాలనిపించింది.

పదకొండుకు తొండవాడ దగ్గర ఏట్లోకి దిగాం. నీళ్లు సన్నటి పాయ, మిగతాదంతా ఇసుక. సైకిళ్లు భుజాన వేసుకుని అవతలి గట్టెక్కి, నీడ చూసుకుని సద్దులు విప్పాం. నాది పులిహోర, దానియేలుది సంగటి, చెనిక్కాయల పచ్చడి ఊరిబిండి. అతను నాకూ కాస్త పెట్టాడు. ఇంట్లో తెలిస్తే ఏమంటారోనని ఒక్క నిమిషం జంకాను. తరువాత రెండోసారి కూడా అడిగి వేయించుకున్నాను.

తిరుగు దారి అవతలి గట్టు పల్లెల మీదుగా. ఒక ఊరి మొగదల, దాని పేరు రాయను, ముందు పోతున్న దానియేలు దిగాడు. వెంటనే నేనూ దిగి, చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని చేతులు జోడించాను. కళ్లు తెరిస్తే ఎదురుగా గుడి లేదు.

"గుడి యాడుండాదప్పా?" అన్నాను.

"గుడి కాదు సార్. పెద్దోళ్ల వీధి. ఊరి బయటుండే మా పేటోళ్లు ఈడ దిగి నడిసే పోవల్ల. పోయినేడు దిగనోని సైకిలు లాక్కున్నారు."

నా చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. మస్తాన్ తానూ దిగి, "నువ్వే సెప్పప్పా. దిగితే అందరం దిగుదాం, ఎక్కితే అందరం ఎక్కుదాం," అన్నాడు.

దానియేలు వీధి కొస దాకా చూశాడు. "రేపు నేనొక్కణ్నే రావల్ల. ఈ పొద్దు దిగితే దినామూ దిగల్ల," అని సైకిలెక్కాడు. వెనకే మేమంతా ఎక్కాం.

వీధి సగంలో, అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు చెయ్యెత్తారు. ఆగాం. దానియేలు ఒక కాలు నేల మీద ఆనించాడు.

"ఎవుర్రా నువ్వు?"

"పేటలో యాకోబు కొడుకునయ్యా, దానియేలు. రేపట్నుంచి ఈ ఊరికి జాబులు తెచ్చేది నేనే."

పెద్దాయన చెయ్యి దిగిపోయింది. "మావోడు మిలిటరీలో ఉండాడు, బర్మా పక్క. ఉగాది నుంచి జాబు లేదు," అన్నారు. "వొస్తే మొగదల దిగి నడిసి రావాకు. ఎక్కే రా. బెల్లు కొట్టుకుంటా రా."

ఆ మాట కొడుకు మీది ప్రేమతో వచ్చిందే గాని దానియేలు మీది గౌరవంతో కాదని నాకు తెలుసు. అయినా సంతోషించాను, దాచుకోను. ఇది జరిగి మూడు వారాలైంది. జాబు ఇంకా రాలేదట. దానియేలు మాత్రం రోజూ ఆ వీధిలో ఎక్కే పోతున్నాడు. బెల్లు వినబడగానే పెద్దాయన అరుగు మీద లేచి నిలబడుతున్నారట.

ఈ దారిన పోదలచినవారికి ఒక్క సలహా. ఎండ ముదరకముందే, ఇసుక కాలకముందే ఏరు దాటండి. గుళ్ల ముందు మీ ఇష్టం. మిగతా దారిలో సైకిలు దిగవలసింది ఆ ఇసుకలోనే.