రెండో గెలుపు

జెండా పట్టుకుని ముగింపు గీత దగ్గర నిలబడే పెద్దాయన ప్రతి పందేనికీ ముందు మెడ నిమురుకుని, పక్కకు తిరిగి ఉమ్మేసి, అప్పుడు కళ్ళజోడు తుడుచుకుంటాడు. రిమోటుతో ఎగిరే బుల్లి విమానాల పోటీల్లో కొత్తవాళ్ళ తరగతికి న్యాయనిర్ణేత ఆయనే. అందులో రెండుసార్లు గెలిచినవాళ్ళు పై తరగతికి పోవాలన్నది నియమం. అందుకే ఒకసారి గెలిచి, ఆపైన రెండో బహుమతులు పోగేసుకుంటూ ఏళ్ళ తరబడి అక్కడే తిష్ఠ వేసిన నెరిసిన మీసాలను చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. ఆవేళ ముందున్న రెండు విమానాలూ గీత దగ్గరికొచ్చాక, నువ్వు ముందు పో అంటే నువ్వు పో అన్నట్టు వేగం తగ్గించుకుంటూ వచ్చి, చివరికి గడ్డిలో కూలబడ్డాయి. ఒకటి ఆయన బావమరిదిదే.

"గాలి దెబ్బ, బావా."

"అవున్రా. మీ ఇద్దరికే వీచింది."

వెనకాలే వచ్చిన కుట్టుపని ఆవిడ విమానం గీత దాటింది. చేరి నెలైనా కాలేదు, ఇదే మొదటి గెలుపు. జెండా ఊపుతుంటే ఎన్నాళ్ళకో ఆయన మొహం విప్పారింది. ఆవిడ దగ్గరికొచ్చి అడిగింది.

"ఇంకోసారి గెలిస్తే పై తరగతికి పొమ్మంటారా, అన్నయ్యగారూ?"

"అవునమ్మా."

"అయితే ఈసారి చివర్లో కాస్త నెమ్మదిగా పోనిస్తాలెండి."

ఆయన మెడ నిమురుకున్నాడు. ఉమ్ముదామంటే నోట్లో తడి లేదు.