నా పులిహోరేది బావా

నిన్న పొద్దున్న రైతుబజార్లో వంకాయలు ఏరుతుంటే ఫోనొచ్చింది. సన్యాసిరావు కొడుకు.

"అంకుల్, నాన్నగారు ఇక లేరు" అన్నాడు.

చేతిలో వంకాయ చేతిలోనే ఉండిపోయింది. మొన్ననే కదా వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెట్టాడు. దానికి నేను రిప్లై కూడా ఇవ్వలేదు.

మీలో చాలామందికి సన్యాసిరావంటే సీతమ్మధారలో ఉండే రిటైర్డ్ జడ్జి గారు, అంతే. నాకు మాత్రం చీపురుపల్లి స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. చుట్టరికం ఏమీ లేదు. అయినా బావా అంటే బావా అనుకుంటూ పెరిగాం.

వాడికి ప్రసాదం పులిహోరంటే ప్రాణం. రామాలయంలో ఒకసారి తీసుకుని, చొక్కా తిరగేసి తొడుక్కుని మళ్లీ లైన్లో నిలబడేవాడు. పూజారి గారికి అంతా తెలుసు. నవ్వుకుంటూనే పెట్టేవారు.

అలాంటివాడు నేను తెచ్చిన ప్రసాదం వద్దన్నాడు.

ఎయిటీస్ సంగతి. అప్పుడు నేను పోర్టులో క్లర్కుని. కంచరపాలెం వైపు మా వీధి చివర ఒక ఖాళీ స్థలం ఉండేది. ఏటా అక్కడే శ్రీరామనవమి పందిరి వేసేవాళ్లం. పక్కనున్న ప్రార్థన మందిరం వాళ్లు ఆ స్థలం తమదన్నారు. మేం మాదన్నాం. కోర్టుకెక్కాం.

కేసు ఎవరి దగ్గర పడిందనుకున్నారు? కొత్తగా వైజాగ్ మున్సిఫ్‌గా వచ్చిన మా బావ దగ్గర.

ఇంకేముంది, జడ్జి మనోడే అని మా పందిరి కమిటీలో ఛాతీ విరుచుకుని తిరిగాను.

వాయిదాకి ముందు ఆదివారం సింహాచలం వెళ్లి, అప్పన్న పులిహోర పట్టుకుని వాడి క్వార్టర్స్‌కి వెళ్లాను. కేసు కాగితాల్లో నా పేరు లేదు కాబట్టి నేను కమిటీలో ఉన్నట్టు వాడికి తెలీదు. మాటల్లో కేసు సంగతి ఎత్తాను. పొట్లం కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వీ కేసులో ఉన్నావేటి బావా?"

నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

"ఇప్పుడొద్దు బావా. అటేపోళ్లు కేకు అట్టుకొచ్చినా ఇదే సెప్తాను. కేసయిపోనీ. అప్పుడు అట్టుకురా, కళ్లకద్దుకుని తింతాను."

మర్నాడే పైకి రాసి ఆ కేసుని వేరే కోర్టుకి పంపించేశాడు.

నాకు ఒళ్లు మండింది. కమిటీలో పరువు పోయింది. అందుకే అందరికీ చెప్పాను, అప్పన్న ప్రసాదం తోసేశాడని. కేసయ్యాక తెమ్మన్నాడన్న మిగతా సగం మింగేశాను.

బోనెక్కినవాడి చేత అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు. వీధి అరుగు మీద ఎవరు చేయిస్తారు?

వాడికి దేవుడంటే గిట్టదని మావాళ్లన్నారు. తమవైపు తీర్పు చెప్పాల్సి వస్తుందనే తప్పుకున్నాడని అవతలివాళ్లన్నారు. పాపం, రెంటికీ చెడ్డ రేవడయ్యాడు.

ఆ మాట చీపురుపల్లి దాకా పాకింది. వాళ్లమ్మగారు బస్సెక్కి వచ్చేశారు. చిన్నప్పుడు నాకు అన్నం పెట్టిన తల్లి. నన్ను పిలిపించి, వాడి ముందే అడిగారు.

"నాయనా, మా సన్యాసి పెసాదం తోసీసినాడంట. నిజిమేనేటి?"

వాడు నా వైపు చూశాడు. నేను నేలచూపులు చూశాను.

"కోర్టు మాట ఇంట్లో వొద్దమ్మా" అన్నాడు వాడు. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆవిడ మర్నాడే ఊరెళ్లిపోయారు. కేసు తేలకముందే కన్నుమూశారు. కొడుకు దేవుడి ప్రసాదం తోసేశాడనే నమ్మి పోయారు. ఆ పాపం నాది.

చివరికి ఆ స్థలం మాదీ కాదు, వాళ్లదీ కాదు, మున్సిపాలిటీదని తేలింది. తర్వాత అక్కడ వాటర్ ట్యాంక్ కట్టారు. రెండు వైపులవాళ్లం ఆ నీళ్లే తాగాం.

కేసయిపోయింది కదా, ప్రసాదం తీసుకెళ్లొచ్చు. మొదట కోపంతో వెళ్లలేదు. తర్వాత సిగ్గుతో వెళ్లలేదు.

రిటైరయ్యాక ఓ పెళ్లిలో కనిపించి, నా విస్తరి పక్కనే కూర్చున్నాడు.

"నా పులిహోరేది బావా?"

నవ్వుతూనే అడిగాడు. నేనూ నవ్వేసి, వడ్డించేవాణ్ణి పిలిచాను. ఆ తర్వాత ఎన్నిసార్లు కొండకెళ్లానో. తెచ్చిన ప్రసాదమంతా అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ పంచాను. సీతమ్మధార ఎంత దూరం? ఒక్క ఆటో.

నిన్న ఎక్కాను ఆ ఆటో. చావింటికి ప్రసాదం తీసుకెళ్లకూడదు. ఉత్త చేతుల్తో వెళ్లాను.

పాడె ఎత్తేముందు దగ్గరివాళ్లంతా నోట్లో బియ్యం గింజలు వెయ్యాలన్నారు. వాళ్లబ్బాయి నన్ను కూడా పిలిచాడు. వేశాను.

ఇన్నేళ్లలో నా చేత్తో వాడికి పెట్టింది అదే.

బావా, క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. అక్కడ అమ్మ కనిపిస్తే ఆ మిగతా సగం మాట నువ్వే చెప్పు. కేసయిపోయింది కదా, ఇప్పుడు చెప్పొచ్చు.

చెప్పేసి హాయిగా నిద్రపో.